నేను తీసేసిన నాలుగు సెకన్లు

ముప్పై ఒక్క ఏళ్లు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాను. అర మార్కు కోసం స్టాఫ్‌రూం ముందు నిలబడి ఏడ్చిన పిల్లల్ని కూడా పేపరు మళ్లీ తెరవకుండా పంపేసిన మనిషిని. మేడం లెక్క తప్పదని పిల్లలూ తోటి లెక్చరర్లూ అనేవాళ్లు. ఆ మాట వింటే పైకి పట్టనట్టే ఉండేదాన్ని గానీ లోపల గర్వంగా ఉండేది. ఆ పేరు చూసే సైకిల్ పందేల్లో స్టాప్‌వాచ్ నా చేతికిచ్చారు. దాంతో నేనేం చేశానో మా ఇంట్లోవాళ్లకీ, ఆ పందేలకు వచ్చేవాళ్లకీ తెలుసు. కాగితం మీద పెట్టడం మాత్రం ఇదే మొదలు.

విజయవాడలో మేం ఓ పాతిక మంది ఆడవాళ్లం ఆదివారం పొద్దున్నే సైకిళ్లు తొక్కుతుంటాం. పళ్ల డాక్టరు గారొకావిడ దీన్ని మొదలుపెట్టారు. బ్యాంకులో పనిచేసేవాళ్లు, టీచర్లు, బట్టల కొట్టు నడిపే ఆవిడ, నాలాగా రిటైరయినవాళ్లు, అన్ని రకాల వాళ్లం ఉంటాం. మూడేళ్ల కిందట డాక్టరు గారు ఆడవాళ్లకు మాత్రమే అని ఒక టైమ్ ట్రయల్ సిరీస్ పెట్టారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆరు ఆదివారాలు. పామర్రు వైపు వెళ్లే దారిలో ఒక కాలవ గట్టు రోడ్డు ఉంది. పొద్దున ఏడింటి దాకా ఒకటో రెండో పాల బళ్లు తప్ప దాని మీద ఏమీ తిరగవు. అక్కడ జరిగేవి.

అందరూ ఒక్కసారి బయల్దేరి తోసుకునే పందెం కాదిది. నిమిషానికి ఒకరు చొప్పున బయల్దేరతారు. ఎవరి వెనకా దాక్కుని తొక్కకూడదు. ఎనిమిది కిలోమీటర్లు వెళ్లి, కాలవ లాకుల దగ్గర రోడ్డు మీద పెట్టిన ప్లాస్టిక్ కోను చుట్టి, మళ్లీ ఎనిమిది కిలోమీటర్లు రావాలి. తక్కువ టైమ్ ఎవరిదైతే వాళ్లు గెలిచినట్టు. పక్కన మనిషి కనపడదు కాబట్టి ఎవరు ముందో ఎవరు వెనకో తొక్కేవాళ్లకు తెలియదు, చూసేవాళ్లకూ తెలియదు. గీత దగ్గర వాచీ పట్టుకున్న మనిషి చెబితేనే తెలుస్తుంది.

మొదటి రౌండు నేనూ తొక్కాను. చివరి నుంచి రెండోదాన్ని. ఆ తర్వాత వారమే బాత్‌రూంలో జారి మోకాలు బెణికింది. ఇక తొక్కొద్దని ఎముకల డాక్టరు చెప్పాడు. అప్పుడే డాక్టరు గారు ఫోన్ చేసి, మీరైతే సెకను కూడా అటూ ఇటూ కానివ్వరు, టైమ్ మీరు చూడండి అని అడిగారు. నా సైకిలు బాల్కనీలో ఖాళీగా పడి ఉంది. దాన్ని మా కోడలు తీసింది.

కోడలి సంగతి చెప్పాలి. పెళ్లికి ముందు కాలేజీ తరఫున పరుగు పందేల్లో కప్పులు తెచ్చిన పిల్ల. పాప పుట్టాక ఏడాదిపాటు తనలో తను లేకుండా పోయింది. పాపకు పాలు పట్టేది, పడుకోబెట్టేది, తర్వాత గోడ వైపు తిరిగి పడుకునేది. మొదట్లో నేను దాన్ని బద్ధకం అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఒకటి రెండు సార్లు పైకి అన్నాను కూడా. మా అబ్బాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాక గానీ అది జబ్బని నాకు అర్థం కాలేదు. మందులతో కొంత తేలిక పడింది. ఒక రోజు పొద్దున తనంతట తనే వచ్చి, మీ సైకిలు ఒకసారి తీసుకోనా అత్తయ్యా అని అడిగింది. గంట తర్వాత చెమటతో, ఎర్రటి మొహంతో తిరిగొచ్చి ఇడ్లీలు ఎన్ని ఉన్నాయంది. ఆ పూట నేను వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. రెండో రౌండు నుంచి తనూ పందెంలో దిగింది. వస్తూనే మూడో స్థానం.

ఇక పందేల్లో కోడలికి పోటీగా నిలిచిన ఆవిడ సంగతి. పామర్రు దగ్గర పల్లెలో ఉంటుంది. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త ఆటోనగర్‌లో ఒక లేత్ వర్క్‌షాపులో పని చేస్తాడు, మా అబ్బాయి స్పేర్ పార్టుల షాపుకి నాలుగు వీధుల అవతల. ఆవిడ సైకిల్ని అతనే పాత ఫ్రేము ఒకటి సంపాదించి, ఒక్కో సామానూ తెచ్చి బిగించాడట. మిగతావాళ్లం కార్ల వెనక సైకిళ్లు కట్టుకుని వస్తే ఆవిడ ఊరి నుంచి తొక్కుకుంటూనే వచ్చేది. పందెం అవగానే మా డాక్టరు గారి కారు వెనక సీట్లో బట్టలు మార్చుకుని, తెల్ల చీరతో సైకిలెక్కి తొమ్మిదింటి ఆరాధనకు చర్చికి వెళ్లిపోయేది. ఫలితాలు చదివేదాకా ఉండేది కాదు. మర్నాడు ఫోన్లో చూసుకునేదేమో. మొదటి రౌండు ఆవిడే గెలిచింది.

మూడో రౌండు రోజు ఆవిడ రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆవిడ బయల్దేరవలసిన నిమిషం దాటిపోయింది. రాత్రి డ్యూటీలో కాన్పు కేసు వచ్చిందనీ, తల్లీబిడ్డల్ని పెద్దాసుపత్రి బండి ఎక్కించి నేరుగా వస్తున్నాననీ రొప్పుతూ చెప్పింది. మా కాయితంలో రూలు స్పష్టంగా ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు తొక్కవచ్చు, గడియారం మాత్రం వాళ్ల అసలు టైమ్ నుంచే నడుస్తుంది. పక్కనున్న ఒకరిద్దరు పోనీలే మేడం అన్నారు. నేను ఒప్పుకోలేదు. రూలు ఒకరికొకటి, ఇంకొకరికొకటి ఉండదని క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఆవిడ వాదించలేదు. సరేనండి అని పెడల్ మీద కాలు పెట్టి వెళ్లిపోయింది. ఆ రెండు నిమిషాలు కలుపుకుని కూడా నాలుగో స్థానంలో వచ్చింది. రూలు ప్రకారం నేను చేసింది సరైనదే. ఇప్పటికీ అలాగే అనుకుంటాను. అందుకే తర్వాత చేసింది ఇంకా మింగుడు పడదు.

అయిదు రౌండ్లు అయ్యేసరికి ఆవిడకూ మా కోడలికీ పాయింట్లు సమానమయ్యాయి. ఆఖరి రౌండులో ఎవరు ముందుంటే సిరీస్ వాళ్లది, షీల్డు వాళ్లది. ఆ నెల రోజులూ ఇంట్లో అదే మాట. కోడలు పొద్దున నాలుగున్నరకే లేచి వెళ్లి తొక్కి వచ్చేది. నేను పాపను చూసుకునేదాన్ని. పాప అటుకుల గిన్నె నేల మీద బోర్లించినా కోపం వచ్చేది కాదు. గోడ వైపు తిరిగి పడుకున్న పిల్ల గెలవబోతోంది, చాలు.

ఆఖరి రౌండు ఫిబ్రవరిలో వచ్చింది. కోతలు అయిపోయి గట్టుకి రెండు వైపులా మినప చేలు పచ్చగా ఉన్నాయి. మంచు మరీ దట్టంగా లేదు, పలచగా ఉంది. రోడ్డుకి అడ్డంగా ముగ్గుపిండితో గీత నేనే వేశాను. ప్రతి రౌండులోనూ డాక్టరు గారు నా పక్కన ఇంకో వాచీతో నిలబడేవారు, రెండూ కలిపి చూసుకునేవాళ్లం. ఆ రోజు ఆఖరి పందెం కాబట్టి షామియానా వేసి, ఒక పెద్ద మనిషిని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆ హడావుడిలో డాక్టరు గారు అటు వెళ్తూ, మీరున్నారు కదా మేడం అన్నారు. నేనున్నానన్నాను.

అంతకు ముందు రౌండు గెలిచినవాళ్లు ఆఖర్న బయల్దేరాలి. అంటే నర్సు ఆవిడ చివర. దానికి ఒక నిమిషం ముందు మా కోడలు. ఇద్దర్నీ నేనే అంకెలు లెక్కపెట్టి పంపాను. ఆ రోజు ఆవిడ భర్త కూడా వచ్చాడు. మొదటిసారట. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గీతకి కొంచెం ముందు, గట్టు వారగా ఒక్కడే నిలబడ్డాడు.

అరగంట తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలయింది. గీత దాటిన క్షణం వాచీ చూసి కాగితం మీద రాస్తున్నాను. మా కోడలు వచ్చింది. ఒళ్లంతా ముందుకు వంచి, నోరు తెరుచుకుని వచ్చింది. లెక్క తీస్తే ముప్పై నిమిషాల పదకొండు సెకన్లు. అప్పటిదాకా తను ఎప్పుడూ ముప్పై ఒక్క నిమిషాల కిందికి రాలేదు. గీత దాటి కొంత దూరం వెళ్లి వెనక్కి తిరిగొచ్చి, సైకిల్ని గడ్డిలో వదిలేసి వెల్లకిలా పడుకుంది. పడుకుని నవ్వుతోంది.

అప్పుడే మా అబ్బాయి వీడియో కాల్ చేశాడు. నా పని ఇంకా అయిపోలేదు. ఇంకో మనిషి రావాలి, ఇంకో నిమిషంలోపే రావాలి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఎత్తాను. వాడి ఒళ్లో పాప ఉంది. అమ్మను చూపించు నానమ్మా అని వాడు పాప చేత అనిపిస్తున్నాడు. నేను ఫోన్ గడ్డి వైపు తిప్పి, మీ ఆవిడ గెలిచేట్టుందిరా అన్నాను. పాప చేతులు ఊపింది. కోడలు పడుకునే చెయ్యెత్తింది.

చప్పట్లు వినపడి తల తిప్పాను. చప్పట్లు కొడుతున్నది ఆవిడ భర్త. గీత ముందు రోడ్డు ఖాళీగా ఉంది. గీత దాటాక రెండో కరెంటు స్తంభం దగ్గర ఆవిడ వీపు కనపడింది. సైకిలు ఊపు తగ్గి నెమ్మదిగా దొర్లుతోంది. వాచీ చూశాను. బయల్దేరిన నిమిషం తీసేస్తే ముప్పై నిమిషాల పదిహేడు సెకన్లు.

ఆ పదిహేడులో కొన్ని సెకన్లు ఆవిడవి కావు, నావి. ఎన్ని అన్నది నాకు తెలియదు. తెలియదని అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. చుట్టూ చూశాను. జనమంతా షామియానా దగ్గర ఉన్నారు, ముఖ్య అతిథి కారు దిగుతున్నాడు. నన్ను ఎవరూ చూడటం లేదు. పెన్ను పట్టుకుని నాలుగు తీసేశాను. ముప్పై నిమిషాల పదమూడు సెకన్లని రాశాను. అంకె గుండ్రంగా, శుభ్రంగా వచ్చింది.

ఎందుకు నాలుగు? మూడు ఎందుకు కాదు, ఏడు ఎందుకు కాదు? ఆ క్షణంలో ఎవరైనా అడిగితే అంచనా అని చెప్పేదాన్ని. నా మనసులో పదకొండు అన్న అంకె ముందే ఉంది. దాని దగ్గరికి వెళ్లి, దాన్ని దాటకుండా ఆగాను.

బహుమతులప్పుడు మా కోడలికి షీల్డు ఇచ్చారు. ఫొటోలు తీశారు. ఆ రోజు ఆవిడ చర్చికి వెళ్లకుండా ఆగింది, భర్త వచ్చాడని కాబోలు. రెండో స్థానానికి పేరు పిలిస్తే వెళ్లి తీసుకుంది. అతను అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టాడు. తర్వాత ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"మేడం గారూ, నా టైమ్ ఒకసారి చెప్తారా?" అంది.

కాగితం చూసి చెప్పాను. ఆవిడ నా చేతిలోని కాగితం వైపు చూసింది. ఆ క్షణం నాకు భయం వేసింది. భయం వేసి, అడగని మాట అన్నాను.

"ఆఖర్లో కొంచెం స్లో అయ్యారమ్మా. నేను చూస్తూనే ఉన్నాను."

ఆవిడ తల ఊపింది. "సరేనండి" అంది, మూడో రౌండు రోజు అన్నట్టే.

షీల్డు మా హాల్లో టీవీ పక్కన పెట్టాడు మా అబ్బాయి. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. కోడలు మారిపోయింది. అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ఆడపిల్లలకు సైకిల్ నేర్పడం మొదలుపెట్టింది. ఉద్యోగానికి మళ్లీ అప్లికేషన్లు పెట్టింది. ఒక రోజు కూరగాయలు తరుగుతూ, రెండు సెకన్ల తేడా అంటే వేరే ఎవరైనా గొడవ పెట్టేవాళ్లు, మీరు వాచీ పట్టుకున్నారు కాబట్టి ఒక్కరు కూడా నోరెత్తలేదు అత్తయ్యా అంది. బెండకాయలు నా చేతిలో ఉన్నాయి. అవి కడగాలని సింకు వైపు తిరిగాను. కడిగినవే మళ్లీ కడిగాను.

మూడు వారాలు అలా గడిచాయి. నేను తప్పు చేయలేదేమో, నాలుగు నిజంగానే సరైన అంచనాయేమో అని మనసుకి చెప్పుకుంటూ వచ్చాను. లెక్కల మనిషిని కదా, ఊరికే చెప్పుకోవడం ఎందుకు, చూసుకుంటే పోతుందనిపించింది. ఒక మధ్యాహ్నం వన్ టౌన్‌లో పని ఉందని ఇంట్లో చెప్పి, స్కూటీ మీద ఆ గట్టు రోడ్డుకి వెళ్లాను. ముగ్గు గీత చెరిగిపోయింది గానీ చోటు నాకు గుర్తే. అక్కడి నుంచి రెండో స్తంభం దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచాను. మోకాలు నొప్పి పెడుతున్నా రెండుసార్లు నడిచాను. అరవై మీటర్లకు పైనే ఉంది.

మిగతాది ఎనిమిదో క్లాసు లెక్క. పదహారు కిలోమీటర్లు అరగంటలో తొక్కిన మనిషి సెకనుకి తొమ్మిది మీటర్లు పోతుంది. ఆవిడ గీత దాటాక బ్రేకు వేయకుండా, అదే ఊపులో తొక్కుకుంటూ వెళ్లినా ఆ స్తంభం చేరడానికి ఏడు సెకన్లు పట్టాలి. నేను చూసినప్పుడు సైకిలు నెమ్మదిగా దొర్లుతోంది. అంటే ఏడుకి తగ్గడానికి వీల్లేదు, ఎక్కువే. పదిహేడులో ఏడు తీస్తే పది. మా కోడలిది పదకొండు. ఏ రకంగా చేసినా గెలిచింది ఆవిడే. నాలుగు అన్నది ఏ లెక్కలోనూ రాదు. ఆ రోజు స్తంభాన్నీ సైకిల్నీ చూసింది ఈ కళ్లే. ఆ లెక్క నోటితో చేయగలిగిన మనిషిని నేను. చేయలేదు.

గట్టు మీద చాలాసేపు స్కూటీ పక్కన నిలబడ్డాను. చేలో మందు కొడుతున్న అతను అడ్రసు కోసం చూస్తున్నారా అమ్మా అని అడిగాడు. లేదన్నాను.

ఇంకో వారం ఆలస్యం చేశాను. ఆ వారం ఎలా గడిచిందో చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. కాయితం పోయిందని చెప్పొచ్చా, వాచీ పాడైందని చెప్పొచ్చా అని కూడా ఆలోచించాను. చివరికి బస్సెక్కి పామర్రులో దిగి, ఆటోలో ఆవిడ పనిచేసే ఆసుపత్రికి వెళ్లాను. గర్భిణీలకు పరీక్షలు చేసే రోజది. వరండా నిండా ఆడవాళ్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. నేనూ వాళ్ల చివర్న కూర్చున్నాను. నా వంతు వచ్చాక లోపలికి వెళ్లాను. ఆవిడ తల ఎత్తకుండానే కూర్చోండమ్మా అని చెయ్యి చాపమంది. నేను చాపాను. బీపీ పట్టీ చుట్టబోతూ మొహం చూసి ఆగింది.

"మేడం గారు. ఒంట్లో బాలేదా?"

బాగానే ఉందన్నాను. ఆ పైన ఎలా మొదలుపెట్టాలో దారిలో అనుకున్నవన్నీ పోయాయి. ఆ రోజు మీరు గీత దాటడం నేను చూడలేదమ్మా అన్నాను. ఫోన్ సంగతి, స్తంభం సంగతి, నాలుగు సెకన్ల సంగతి, కొలవడానికి వెళ్లిన సంగతి చెప్పాను. ఆవిడ లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"నాకు తెలుసండి" అంది.

చేతికున్న వాచీ చూపించింది. సెకన్ల ముల్లు ఉన్న మామూలు వాచీ. నాడి చూడ్డానికి, సెలైన్ చుక్కలు లెక్కపెట్టడానికి అదే వాడుతుందట. బయల్దేరేటప్పుడు ఒకసారి, గీత దాటేటప్పుడు ఒకసారి చూసుకోవడం ఆవిడకి అలవాటు. ఆ రోజు ఆ వాచీలో ముప్పై నిమిషాల ఎనిమిది సెకన్లు వచ్చింది.

మరి ఆ రోజే ఎందుకు అడగలేదని అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"అడిగానండి. మీరు చెప్పారు. చూస్తూనే ఉన్నానన్నారు." బీపీ పట్టీ సరిచేస్తూ మళ్లీ అంది. "మీరు అబద్ధం చెప్తారని నాకెందుకు తోస్తుందండి? వాచీయే తప్పనుకున్నాను. దీంతో రోజూ ఎంతమందికి నాడి చూస్తాను. అందరికీ తప్పు రాశానేమో అనుకున్నాను. వారం రోజులు పక్క సిస్టర్ వాచీ అడిగి, రెండూ పెట్టుకుని చూశాను. మా ఆయన వన్ టౌన్‌లో వాచీ రిపేరు ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఏమీ తేడా లేదని చెప్పాడాయన. అప్పుడు తెలిసిందండి."

ఇదంతా ఆవిడ కోపంగా చెప్పలేదు. జ్వరం ఎప్పుడు మొదలయిందో, ఎప్పుడు తగ్గిందో చెప్పినట్టు చెప్పింది. నేను ఒక షీల్డు పట్టుకుపోయాననుకున్నాను. ఆవిడ వారం రోజులు జబ్బు మనుషుల మణికట్లు పట్టుకుని తన లెక్క తనే నమ్మలేకపోయింది. ఈ మాట నాకు తోచనే లేదు. క్షమించమ్మా అన్నాను. చేతులు జోడించబోతే ఆవిడ వద్దండి అని నా చేతులు కిందికి దించింది. క్షమించానని మాత్రం అనలేదు.

"మీ కోడలికి తెలుసా?" అంది.

తెలియదన్నాను.

"ముందు ఆ అమ్మాయికి చెప్పండి. ఆ అమ్మాయి నిజంగా తొక్కింది. ఇందులో ఆ అమ్మాయి తప్పు ఏముంది?"

బయట ఎవరో తలుపు తట్టారు. ఆవిడ లేచింది. వెళ్లే ముందు నా బీపీ చూసి, ఎక్కువగా ఉంది, మీ డాక్టరు గారికి చూపించుకోండి అని చీటీ రాసిచ్చింది.

ఆ సాయంత్రం పాప నిద్రలో ఉన్నప్పుడు కోడలికి చెప్పాను. మా అబ్బాయి ఇంకా షాపు నుంచి రాలేదు. ఏడుస్తుందనుకున్నాను, లేదా అరుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. మంచం అంచున కూర్చుని, కాలి గోళ్ల వైపు చూస్తూ అంతా విన్నది.

"రెండో స్థానంలో వస్తే మళ్లీ మంచం ఎక్కేస్తాననుకున్నారా అత్తయ్యా?"

లేదని చెప్పబోయి ఆగిపోయాను. ఆ భయం నాలో ఉన్నమాట నిజం.

"అది నా బెస్ట్ టైమ్. పదకొండు. అది చూసుకునే గడ్డిలో పడి నవ్వాను. ఎవరికంటే ముందొచ్చానో నాకప్పటికి తెలియదు కూడా" అంది. తర్వాత హాల్లోకి వెళ్లి షీల్డు తీసి, ఒక పాత టవల్లో చుట్టింది. ఆ చోట దుమ్ము లేకుండా నలుచదరంగా ఒక గుర్తు మిగిలింది. మా అబ్బాయి వచ్చి షీల్డేదని అడిగితే, మీ అమ్మని అడుగు అంది. పెళ్లయి మా ఇంటికి వచ్చాక నన్ను ఎప్పుడూ అలా అనలేదు.

మర్నాడు పళ్ల డాక్టరు గారింటికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఆవిడ నొచ్చుకున్నారు, వెంటనే సర్ది చెప్పడానికి చూశారు. అయిపోయిన దాన్ని ఇప్పుడు తవ్వడం ఎందుకు, ఇద్దరూ విజేతలే అని వచ్చే సీజన్లో ఒక మాట అనేద్దాం, మీ పేరు బయటికి రాకుండా నేను చూసుకుంటానన్నారు. ఒప్పుకోవాలని నాకు ఎంత ఆశ కలిగిందో చెప్పలేను. ఇంటికొచ్చి ఆ సంగతి కోడలికి చెబితే, మీ ఇష్టం అని ఊరుకుంది.

రెండు రోజులకి మా సైకిళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఒక మెసేజ్ రాశాను. ఆఖరి రౌండులో టైమ్ రాయడంలో నా వల్ల పొరపాటు జరిగింది అని మొదలుపెట్టాను. పంపే ముందు కోడలికి చూపించాను. అది చదివి ఫోన్ తిరిగిచ్చింది.

"పొరపాటు కాదు కదా అత్తయ్యా."

ఆ మాట తీసేసి మళ్లీ రాశాను. నేను చూడలేదు, చూడకుండా రాశాను, మా కోడలు గెలిచేటట్టు రాశాను అని రాశాను. పంపాను. పాతిక మందిలో ఎవరెవరు చదివారో ఫోన్ చూపిస్తూనే ఉంది. తర్వాత ఒకరు నమస్కారం బొమ్మ పెట్టారు. బట్టల కొట్టు ఆవిడ, చెప్పడానికి చాలా ధైర్యం కావాలి మేడం అని పెట్టింది. అది చదివితే ఇంకా చిన్నతనం అనిపించింది. మెచ్చుకోలు కూడా నాకే వచ్చింది. బ్యాంకులో పనిచేసే ఆవిడ మాత్రం, మరి మూడో రౌండు రోజు రూలు చెప్పారు కదండీ అని ఒక్క వాక్యం రాసింది. అది చదివి ఫోన్ బోర్లించి పెట్టాను.

ఆ ఆదివారం షీల్డు ఇవ్వడానికి నేనూ వస్తానన్నాను. కోడలు వద్దంది. టవల్లో చుట్టిన షీల్డుని వీపు సంచిలో పెట్టుకుని, సైకిలు మీద ఒక్కతే వెళ్లింది. వెళ్లి రావడానికి నాలుగైదు గంటలన్నా పడుతుంది. పాపకు అన్నం పెట్టి, పడుకోబెట్టి, బాల్కనీలో కూర్చున్నాను. మూడు దాటాక వచ్చింది. సంచి ఖాళీగా ఉంది.

ఏమైందని అడిగితే ముక్తసరిగా చెప్పింది. వాళ్లు చర్చి నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చుందట. ఆవిడ షీల్డు తీసుకుని, ఒకసారి చూసి బీరువా మీద పెట్టిందట. భర్త మాత్రం కిందికి దించి, చేత్తో తుడిచి మళ్లీ పెట్టాడట. చేపల పులుసుతో భోజనం పెట్టారట. ఆ తర్వాత ఇద్దరూ సైకిలు గేర్ల గురించి మాట్లాడుకున్నారట.

అదయ్యాక రెండు నెలల దాకా మా ఇంట్లో మాటలు అవసరానికే ఉండేవి. పాప వల్ల కొంచెం కొంచెంగా మామూలయ్యాయి. కోడలికి ఉద్యోగం వచ్చింది. నవంబరులో కొత్త సీజన్ మొదలయింది. వాచీలు ఇప్పుడు వేరే ఇద్దరు చూస్తారు. నన్ను ఎవరూ పిలవలేదు, నేనూ అడగలేదు. పందెం రోజు ఇంట్లో పాపతో ఉంటాను.

వాళ్లిద్దరూ మాత్రం ఇప్పుడు శనివారాలు కలిసి తొక్కుతున్నారు. కోడలు ఉయ్యూరు దాకా వెళ్తే ఆవిడ అటు నుంచి ఎదురొస్తుంది. ఎక్కడో టీ తాగి ఎవరి దారిన వాళ్లు వెనక్కి వస్తారు. ఆవిడ చెప్పిన సంగతులు కోడలు ఇంట్లో చెబుతుంటుంది. మోకాళ్లకి ఏ వ్యాయామం మంచిదో, ఎదురుగాలిలో ఎలా తొక్కాలో. మొన్నొక శనివారం అలా చెబుతుంటే ఉండబట్టలేక అడిగాను, ఆవిడ నా గురించి ఏమైనా అంటుందా అని.

కోడలు హెల్మెట్ విప్పుతూ నా వైపు చూసింది. నన్ను నొప్పించకూడదని ఆలోచించినట్టుంది.

"మీ గురించి మాట రాదత్తయ్యా" అంది.

అవునా అన్నాను. వెళ్లి తన కోసం దోశ పిండి తీశాను.